నడుము మీది ఒర, వీపు మీది మూట

తెనుగులో “ఒర” యను మాట చిన్నది. దాని పని చిన్నది కాదు. కత్తి పదును గాలికిని తడికిని చెడకుండ అది కాపాడును. కత్తి ధరించినవానిని ఆ పదును బారినుండి కాపాడును. వీనికి మించిన పని మరియొకటి కలదు: అవసరము వచ్చినపుడు కత్తిని వెంటనే చేతికి ఈయవలెను. ఈ కడపటిది కుదరని ఒర ఎంత నగిషీ చెక్కినదైనను గోడకు తగిలించుకొనుటకే పనికివచ్చును. ఒకే ఒరలో రెండు కత్తులు ఇమడవని మన సామెత. ఒకే నడుముమీద ఒరయు మూటయు ఇమడక చేయు పోరు ఒకటి అమెరికా కొండదారులలో డెబ్బది యేండ్లకు పైగా సాగుచున్నది.

దినములకొలది కొండలలో నడచుట ఆ దేశమున పెద్దలకును పిన్నలకును ప్రియమైన వినోదము. గుడారము, పడక, పొయ్యి, తిండి, మారుబట్ట సమస్తమును ఒక్క సంచిలో కూరి వీపున కెత్తుకొని పోవుదురు. మూట పదునైదు కిలోలు తూగుట సామాన్యము. మన యాత్రికులు నల్లమల అడవిగుండ శ్రీశైలమునకు నడచిపోవునట్లే యనుకొనవచ్చును. అచ్చట దారి చివర దేవళమునకు బదులు సరస్సో శిఖరమో యుండును. అట్టివారిలో కొందరు, ముఖ్యముగా మాంటానా, వయోమింగ్, ఐడాహో, అలాస్కా రాష్ట్రములలో నడచువారు, ఇతరుల కంటబడకుండ ఒక పెద్ద రివాల్వరును వెంట తీసికొనిపోవుదురు. దానిని ఎచ్చట పెట్టుకొనవలెను, ఎట్టి ఒరలో పెట్టుకొనవలెను అను ప్రశ్న వినుటకు అల్పముగా దోచును. విచారించిన కొలది అది శరీరశాస్త్రమును, తోలుపనిని, న్యాయశాస్త్రమును, మనుష్యుని భయమును కలిపి ముడివేసిన చిక్కుముడిగా కనబడును.

ఆ భయమునకు పేరు గ్రిజ్లీ. మన అడవులలోని ఎలుగు నూరు కిలోలకు కొంచెము అటునిటుగా తూగును. గ్రిజ్లీ జాతి మగయెలుగు రెండు మూడు వందల కిలోల వరకు పెరుగును. అలాస్కా తీరమున చేపలు తిని బలిసిన దాని జ్ఞాతులు ఇంకను పెద్దవి. అంతటి కాయముతో అది గంటకు 35 మైళ్ళ వేగమున పరుగెత్తగలదు. అనగా ముప్పది గజముల దూరమున పొదచాటునుండి లేచినది రెండు సెకండ్లు తిరుగకముందే మీద పడును. ఒరను గూర్చిన చర్చ యంతయు ఈ రెండు సెకండ్లను గూర్చినదే.

ఇట్టి సంఘటనలు మిక్కిలి అరుదు. 1872లో ఏర్పడిన ఎల్లోస్టోన్ జాతీయోద్యానమున ఎలుగుల వలన మరణించినవారికంటె నీట మునిగినవారును, మసలు బుగ్గలలో పడి కాలినవారును ఎక్కువ. అయినను భయము లెక్కల పుస్తకము చూచి పుట్టదు. పిల్లతో నున్న తల్లియెలుగును మలుపులో ఎదుర్కొన్నవానికి మిగిలిన లక్షలమంది క్షేమముగా ఇల్లు చేరిరన్న మాట ఓదార్పు కాజాలదు.

తుపాకి యుండియు రెండవ దెబ్బకు వ్యవధి లేక మనుష్యులు పరుగెత్తిన కథ ఆ దేశ చరిత్రలోనే కలదు. పడమటి భూములను చూచి రమ్మని అమెరికా ప్రభుత్వము 1804లో లూయీస్, క్లార్క్ అను ఇరువురు సైనికాధికారుల నాయకత్వమున ఒక దండును పంపెను. 1805 మే 14వ తేదీన, నేటి మాంటానా ప్రాంతమున, మిసోరీ నది యొడ్డున ఆ దండులోని ఆరుగురు వేటకాండ్రు ఒక గ్రిజ్లీని చూచిరి. నలుగురు ఇంచుమించు ఒక్కసారిగా కాల్చిరి; ఇద్దరు ముందుజాగ్రత్తకై గుండ్లు నిలుపుకొనిరి. దెబ్బతిన్న మృగము నోరు తెరచుకొని వారిమీదికి వచ్చెను. నిలుపుకొన్న గుండ్లును పేలినవి. ఒకటి దాని భుజాస్థిని విరిచినను అది ఆగలేదు. గొట్టములో మందు కూరి, గుండు దింపి, మరల కాల్చుటకు నాటి తుపాకితో అర నిమిషమైనను పట్టును. కొందరు పడవలోనికిని, కొందరు పొదలలోనికిని పారిరి. ఇద్దరు తుపాకులు పారవైచి నిట్టనిలువు గట్టుమీదినుండి నదిలోనికి దుమికిరి. ఎలుగును వెంటనే దుమికెను. ఒడ్డున మిగిలినవారిలో ఒకడు తలకు గురిపెట్టి కాల్చుటతో అది చచ్చెను. ఒడ్డునకు లాగి చూడగా ఎనిమిది గుండ్లు దాని యొడలిలో దూరియుండెను.

ఒకమారు నింపిన పలుమారులు పేలు చేతితుపాకిని లోకమున వ్యాపింపజేసినవాడు శామ్యూల్ కోల్ట్. తిరుగుడు సిలిండరు గల తుపాకికి అతడు అమెరికాలో 1836 ఫిబ్రవరి 25న పేటెంటు పొందెను. 1847లో శామ్యూల్ వాకర్ అను కెప్టెను సలహాలతో అతడు చేయించిన రివాల్వరునకు వాకర్ పేరే వచ్చినది. తొమ్మిదంగుళముల గొట్టము, ఆరు తూటాలు, 4 పౌండ్ల 9 ఔన్సుల తూకము. మన లెక్కలో రెండు కిలోలకు పైమాట. అంత బరువును నడుమున కట్టుకొని తిరుగుట కష్టము. కనుక జీను ముందటి కొమ్మునకు అటొకటి ఇటొకటిగా రెండు తోలు ఒరలు వ్రేలాడదీసి గుఱ్ఱము చేత మోయించెడివారు. పెద్ద రివాల్వరునకు తొలినాడు దొరికిన నెలవు గుఱ్ఱపు మెడదగ్గర నన్నమాట. 1851 నాటి ‘నేవీ’ రివాల్వరు వాకర్ తూకములో సగమునకు కొంచెము మించి యుండుటచే, ఒర మనిషి నడుమునకు చేరెను. చలనచిత్రములలోని గోపాలురు తొడమీద జీరాడు ఒరలతో కనబడుదురు గాని అది చాలవరకు చిత్రముల సృష్టియే. స్వారి చేయువాని ఒర నడుమునకు హత్తుకొని ఎత్తుగా నుండెడిది.

తరువాతి మెట్టు ఇరువదవ శతాబ్దపు నడుమ వచ్చినది. ఐడాహో రాష్ట్రపు సాల్మన్ పట్టణమున నివసించి, వేటగాండ్రకు దారిచూపుచు, తుపాకులను గూర్చి గ్రంథములు వ్రాసిన ఎల్మర్ కీత్ అనునతడు (1899–1984) .44 తూటాలో మందు పెంచి చూచి, అట్టిదానిని తయారుచేయుడని ఏండ్లకొలది కంపెనీలను వేధించెను. 1955 చివర రెమింగ్టన్ కంపెనీ తూటాను, స్మిత్ అండ్ వెసన్ కంపెనీ దానికి తగిన రివాల్వరును సిద్ధపరచినవి. ఆ తూటాకు పేరు మాగ్నమ్. లాటిను భాషలో ‘గొప్పది’ యని దాని యర్థము. ద్రాక్షసారాయపు పెద్దసీసాకు వాడుకలోనున్న ఆ పేరును తూటాలవారు ఎరువు తెచ్చుకొనిరి. నాలుగంగుళముల గొట్టముతో ఆ రివాల్వరు తూకము కిలోకు పైన మరి పావు కిలో. అంతటితో ఆగలేదు. 2003లో అదే కంపెనీ .500 తూటాకు రివాల్వరు చేసినది. పొడవు గొట్టముతో దాని తూకము రెండు కిలోలు. నూట యేబదియారేండ్లకు పెద్ద రివాల్వరు తిరిగి వాకర్ తూకమునకే వచ్చినది. గుఱ్ఱము మాత్రము లేదు.

గుఱ్ఱము చేయవలసిన పని ఇపుడు బాటసారియే చేయుచున్నాడు. వీపుమూట బరువు వెనుకటి కాలమున భుజములమీదనే పడెడిది. 1952లో కాలిఫోర్నియా రాష్ట్రపు గ్లెండేల్ పట్టణమున డిక్ కెల్టీ అను నతడు అల్యూమినియము చట్రములతో వీపుసంచులు తయారుచేసి అమ్మసాగెను. ఒక ప్రయాణములో అతని మిత్రుడు చట్రపు కొనలను లాగు వెనుకజేబులలో దోపుకొని నడువగా భుజముల బాధ తగ్గినదనియు, నడుముపట్టె యూహ అందుండి పుట్టినదనియు చెప్పుదురు. ఆ పట్టె బిగించిన పిమ్మట మూట బరువులో పెద్దపాలు తుంటియెముకల మీదికి దిగును. వెన్నెముకకు సుఖము, కాలికి బలము. దీర్ఘప్రయాణములు సామాన్యులకు సాధ్యమైనది ఈ పట్టె వలననే యన్నను తప్పులేదు. కాని ఆ పట్టె చుట్టుకొన్న చోటును, నూరేండ్లుగా ఒర కట్టుకొనిన చోటును ఒక్కటియే.

కనుక బాటసారి రివాల్వరునకు మరియొక తావు వెదకవలసివచ్చెను. పట్టెక్రింద ఒరనుంచి చూచినవారు మొదటి దినముననే దాని ఫలము ననుభవింతురు. మాగ్నమ్ రివాల్వరు సిలిండరు అడ్డుకొలత ఇంచుమించు ఒకటిముప్పావు అంగుళము. నూలుకండెవంటి ఆ యుక్కుముద్ద మూట బరువుతో తుంటియెముకను ఒత్తుచుండగా పది మైళ్ళు నడచునప్పటికి చర్మము కమిలిపోవును. పైగా పిడి పట్టెక్రింద ఇరుకుకొనును. లాగు లోపల దోపి, చొక్కా పైకివదలి దాచుకొను ఒరలు పట్టణములలో పలుచని పిస్తోలునకు చక్కగా నొప్పును. పెద్ద రివాల్వరునకు, చెమటకు, ఎక్కుడు దిగుడులకు అవి యొప్పవు. పొత్తికడుపుమీద గొట్టము పెట్టుకొని రాయి ఎక్కుటకు మోకాలెత్తినవానికి ఈ సంగతి వేరుగ చెప్పనక్కరలేదు.

సంచిలోపల పెట్టుకొనుట అన్నిటికంటె తేలిక. ఒరువులకు కనబడదు, తడియదు, ఒత్తదు. ఎలుగు లేచినపుడు నడుముపట్టె విప్పి, రొమ్ముపట్టె విప్పి, సంచి దింపి, మూత తీసి, పడకక్రింద తడిమి తీయవలెను. రెండు సెకండ్లలో ఒక్క కట్టయినను ఊడదు. ఇట్లు మోయువాడు మూటకు కిలో పైచిలుకు బరువును కలుపుకొనెనే గాని రక్షణను కలుపుకొనలేదని చెప్పక తప్పదు. అయినను ఎందరో ఇట్లే మోయుదురు. ఉన్నదను ధైర్యము చాలునేమో.

సంచి నడుముపట్టెకే ఒర తగిలించుట మూడవ ఉపాయము. నడచునపుడు ఇది బాగుగనే యుండును, చేతికి అందును, చిన్న సంచివలె కుట్టిన ఒరయైన కంటబడదు. దీని దోషము నడకలో కనబడదు, నిలిచినపుడు కనబడును. బాటసారి మూట దింపి నీటికి పోవును. కాలకృత్యములకు పొదలలోనికి పోవును. వంటకై విడిదికి దూరముగా పోవును. రివాల్వరు మూటతో చెట్టుమొదట కూర్చుండియుండును. ఏరు దాటునపుడు మరియొక చిక్కు. ప్రవాహము తన్నుకొనిపోయినచో మూటను వెంటనే వదల్చుకొనుటకై పట్టెలను ముందే విప్పుకొని దాటవలెనని అనుభవజ్ఞులు నేర్పుదురు. ఆ నేర్పు ప్రాణము కాపాడును. రివాల్వరు మూటతో ఏటిపాలగును. ఆయుధము శరీరమును అంటియుండవలెను గాని సామానును అంటియుండరాదను నియమము ఇట్టి అనుభవములనుండి వచ్చినదే.

చంకక్రింది ఒర పాతది, పేరుపొందినది. కాని మూట భుజపట్టెలు పోవు దారిలోనే దాని పట్టెలును పోవును. రెండును ఒకదానిపై ఒకటి రాసికొని భుజమును ఒరయును. అడ్డముగా పెట్టు చంకయొరలో గొట్టము మొన వెనుకకు చూచుచుండును. సన్నని దారిలో వెనుక నడచువాడు నిత్యము దాని యెదుటనే నడువవలెను. ఇది మర్యాదయు కాదు, క్షేమమును కాదు.

తుద కనుకూలమైన తావు రొమ్ము. ఈ తెలివి రెండు వైపులనుండి వచ్చినది. రెండవ ప్రపంచయుద్ధమున ట్యాంకులలోను విమానములలోను కూర్చుండి పోరాడు అమెరికా సైనికులకు నడుము ఒర అందెడిది కాదు; వారికై భుజముమీదుగా వచ్చి రొమ్ము ప్రక్కన నిలుచు తోలు ఒరలు కుట్టించిరి. ఇటు అలాస్కాలో సాల్మను చేపల ఏళ్ళలో నడుములోతు నీట నిలిచి, చేపలు పట్టువారికి దారిచూపువారు ఒరను నీటికి పైన పెట్టుకొనవలసివచ్చెను. ఆ చేపలకై ఎలుగులును అదే యేటికి వచ్చును గనుక వారికిది ముచ్చట కాదు. రొమ్ముకు అడ్డముగా, పిడి కుడిచేతివైపునకును మొన ఎడమతుంటి వైపునకును ఉండునట్లు ఒరను పట్టెలతో బిగింతురు. వీపుమూటకు దీనితో వైరము లేదు. ఒరను ముందు తొడిగి మూటను తరువాత ఎత్తుకొందురు. మూట దింపినను ఒర రొమ్మును విడువదు. క్రిందపడినవాడు వెల్లకిలయైనను బోరగిలయైనను చేయి రొమ్ముదాక పోగలదు. ఎలుగు మీద పడినపుడు మనిషి నిలుచుండి యుండడు గదా!

అయితే రొమ్ముమీది రివాల్వరు అందరికిని కనబడును. దాచవలెననుకొన్నవానికి ఇచ్చట నిజమైన పరీక్ష మొదలగును. వదులైన వానకోటు పైన వేసికొని ముందరి జిప్పు సగము తెరచియుంచుట ఒక దారి; ఎండకాలమున అది శిక్ష. రెండవ దారి రొమ్ముసంచి. చూచువారికి దూరదర్శినియో పటములో ఉన్న సంచివలె నుండును. లోపల గట్టి ఒర కుట్టియుండును. జిప్పు తాడు పట్టి ఒక్క గుంజు గుంజినచో తెరచుకొనును. నాలుగంగుళముల గొట్టము వరకు పెద్ద రివాల్వరులు ఇందులో ఇముడును. ఆరంగుళములైనచో ఎడమ మోచేతికి అడ్డుపడును. ఎనిమిదంగుళముల దానిని దాచవలెనన్న కోరికనే విడువవలెను. సంచి కొనువారు తమ రివాల్వరును (తూటాలు తీసి) వెంట గొనిపోయి, మూటతో సహా తగిలించుకొని, వంగి, కూర్చుండి, చేతితోడుగులతో జిప్పు లాగి చూచి మరి కొనవలెను. కొలతల పట్టీని నమ్మి కొన్న ఒర చెప్పులవంటిది. ఎక్కడ కరచునో నడచిన గాని తెలియదు.

అసలు దాచుట ఎందుకు? ఎలుగునకు దాపరికముతో పనిలేదు. దాచునది మనుష్యులకొరకే. కొండదారిలో ఎదురగు తల్లి పిల్లలు అపరిచితుని రొమ్మున పెద్ద తుపాకిని చూచి బెదరుట సహజము. తిండిసామగ్రికై దిగవలసిన పల్లెలలో దుకాణముల వారును అంతే. ఆయుధము కట్టుకొని జనములోనికి పోరాదను కట్టడి ఆ దేశమున క్రొత్తదియు కాదు. 1881 అక్టోబరు 26న అరిజోనాలోని టూంబ్‌స్టోన్ పట్టణమున జరిగిన, నేటికిని చిత్రములు తీయబడుచున్న కాల్పులకు మూలము, ఊరిలో ఆయుధములు ధరింపరాదను పురశాసనమును అమలుపరచబోవుటయే. కాబట్టి ఒరను ఎన్నుకొనువాడు ఇద్దరికి సమాధానము చెప్పవలెను. మృగమునకై ఆయుధము అందుబాటులో నుండవలెను. మనుష్యులకై అది కనబడకుండవలెను. ఒకదానిని ఎంత పెంచిన రెండవది అంత తగ్గును. తయారీదారులు రెండింటిని సమముగ తీర్చితిమని ప్రకటింతురు గాని ఒక్క జిప్పు అడ్డమున్నను అది ఆలస్యమే. ఒక్క పిడి బయటపడినను అది ప్రదర్శనమే. అడవి లోపల నడచువాడు అందుబాటునకును, ఊరి చేరువ నడచువాడు మరుగునకును మొగ్గుట వివేకము.

చట్టము ఈ వివేకమును మరింత చిక్కుపరచును. అమెరికాలో ఒక్కొక్క రాష్ట్రమునకు ఒక్కొక్క శాసనము. మాంటానాలో అనుమతిపత్రము లేక ఆయుధమును దాచరాదని నిషేధమున్న దినములలోనే, ఊళ్ళ పొలిమేర దాటినవారిని, వేటాడువారిని, చేపలు పట్టువారిని, వీపుమూటతో కొండలలో నడచువారిని చట్టము పేరుపేరున మినహాయించినది. 2021లో ఆ నిషేధమునే చాలవరకు సడలించిరి. అలాస్కాలో 2003 నుండియే అనుమతిపత్రము అక్కరలేదు. ఇందుకు భిన్నముగా తూర్పున నున్న అపలాచియన్ కాలిబాట సుమారు 2,190 మైళ్ళు, పదునాలుగు రాష్ట్రములగుండ పోవును. ఒక రాష్ట్రమున ధర్మబద్ధమైన ఒర, న్యూజెర్సీ ఎల్లలోనో న్యూయార్కు ఎల్లలోనో అడుగిడగనే నేరమునకు సాక్ష్యము కావచ్చును. చెట్లకు ఎల్లలు తెలియవు, బాటసారికి తెలియవలెను. జాతీయోద్యానములలో పూర్వము తుపాకిని తూటాలు తీసి, మూటకట్టి పెట్టవలసియుండెను. అనగా అది ఉండియు లేనట్లే. 2009లో అమెరికా శాసనసభ క్రెడిట్ కార్డుల చట్టమునకు తోకగా ఒక నిబంధనను తగిలించి, ఉద్యానమున్న రాష్ట్రపు చట్టమే అచ్చటను చెల్లునని నిర్ణయించినది. అది 2010 ఫిబ్రవరి 22న అమలులోనికి వచ్చెను. అప్పుల చట్టమునకును అడవితుపాకికిని సంబంధమేమని అడుగరాదు. శాసనసభలలో అట్టి బాదరాయణ సంబంధములు సర్వత్ర కలవు. అయినను కలిగియుండుటకే అనుమతి. అచ్చట కాల్చుట నేటికిని సామాన్యముగా నేరమే. ఉద్యాన కార్యాలయ భవనములలోనికి ఆయుధముతో అడుగుపెట్టరాదు. మన దేశమున సంగతి వేరు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము ప్రకారము అభయారణ్యములోనికి ముందస్తు అనుమతి లేక ఏ ఆయుధముతోను ప్రవేశింపరాదు. నల్లమల దారిని నడచు యాత్రికునికి చేతికఱ్ఱయే తోడు.

ఒర చేయు వస్తువును గూర్చి రెండు మాటలు. తోలు అందమైనది, చప్పుడు చేయనిది, రివాల్వరు ఆకృతిని మెల్లగా నేర్చుకొనునది. మన తంగేడు చెక్కతో పదును చేయు తోళ్ళవలె వృక్షరసములతో పదును చేసిన తోలే ఒరలకు శ్రేష్ఠము. రసాయన లవణములతో పదును చేసిన తోలు ఉక్కునకు త్రుప్పు తెచ్చు స్వభావము గలది. కాని తోలు నీరు త్రాగును. వారము దినములు వానలో నడచినవాని ఒర మెత్తబడి, పిడిని వదలక పట్టును, లేదా పట్టక వదలును. అందుచే అనేకులు కైడెక్స్ అను గట్టి ప్లాస్టికు రేకును కాచి మలచిన ఒరలవైపు మరలిరి. దానికి తడి లేదు, చెమట లేదు. కొమ్మ తగిలిన మాత్రము డొల్లడబ్బావలె మ్రోగును. మెత్తని నైలాను గుడ్డ చౌక. అందులో ట్రిగ్గరు చుట్టు గట్టి కవచముండదు. ఒర ఏదైనను ట్రిగ్గరును పూర్తిగా కప్పవలెను. కొమ్మ గాని, కోటు తాడు గాని, తొందరపడు వేలు గాని లోనికి దూరరాదు. బోర్లపడినను రివాల్వరు జారకుండ ఒక బొత్తాము పట్టీ యుండవలెను. అది బొటనవ్రేలి ఒక్క త్రోపుతో ఊడవలెను. తక్కిన సొగసులన్నియు దీని తరువాత.

బరువు తగ్గింపవలెనన్న ఆశ మరియొక గోతిలోనికి దింపును. స్కాండియము కలిపిన అల్యూమినియముతోను టైటానియముతోను చేసిన .44 మాగ్నమ్ రివాల్వరులు 2003 ప్రాంతమున వచ్చినవి. తూకము ముప్పాతిక కిలోకు లోపలనే. మోయుటకు పుష్పము, పేల్చుటకు పిడుగు. బరువు తగ్గిన కొలది తుపాకి తన్ను పెరుగును. ఆ తన్నునకు సిలిండరులో మిగిలిన తూటాల గుండ్లు కొంచెము కొంచెముగా ముందునకు జరిగి, సిలిండరు తిరుగకుండ అడ్డుపడవచ్చును. మొదటి గుండు తప్పినవానికి రెండవది లేకపోవుట 1805 నాటి వేటకాండ్ర దశకే తిరిగివచ్చుట. తేలిక రివాల్వరును కొన్నవారు ఏ తూటాలు దానికి తగునో ముందే పేల్చి పరీక్షించుకొనవలెను. నిజము చెప్పవలెనన్న, ఒరకై వెచ్చించు ధనమునకు రెండింతలు అభ్యాసమునకు వెచ్చింపనివానికి ఏ ఒరయు మేలు చేయదు.

ఈ విషయమున శాస్త్రజ్ఞులు తీసిన లెక్కలును కలవు. టామ్ స్మిత్, స్టీఫెన్ హెర్రెరో ప్రభృతులు అలాస్కాలో 1883 నుండి 2009 వరకు ఎలుగులమీద తుపాకులు వాడిన 269 సంఘటనలను పరిశీలించి 2012లో ప్రకటించిరి. చేతితుపాకి నూటికి 84 సార్లు, పొడవు తుపాకి 76 సార్లు ఎలుగును నిలిపినవి. కాని తుపాకిని పేల్చినవారికిని, తుపాకి యుండియు పేల్చనివారికిని కలిగిన గాయములలో చెప్పదగిన తేడా లేదు. తుపాకి విఫలమైన చోట్ల ముఖ్యకారణము వ్యవధి చాలకపోవుట. ఒరను గూర్చిన ఈ చర్చకు ఇంతకంటె పెద్ద సాక్ష్యమక్కరలేదు: గురి చెడుటకంటె ముందు చేయి ఆలస్యమగుచున్నది.

అదే పండితులు 2008లో ప్రకటించిన మరియొక పరిశీలన మిరపకారపు పిచికారిని గూర్చినది. ఎలుగులకై ప్రత్యేకముగా చేసిన ఈ డబ్బాలో మిరపలోని మంటపుట్టించు సారము ఒకటి రెండు పాళ్ళుండును. ముప్పది అడుగుల దూరము వరకు ఎఱ్ఱని మబ్బువలె క్రమ్మును. గురి అంత సూటిగా నుండనక్కరలేదు. గ్రిజ్లీ జాతి ఎలుగులను అది నూటికి 92 సార్లు నిలిపినది. పిచికారి వాడిన జట్లలో నూటికి 98 మంది గాయపడలేదు. ఎదురుగాలిలో మాత్రము కారము కొట్టినవాని కంటిలోనికే వచ్చును. చంపవలసిన పని లేకపోవుట దీని పెద్ద గుణము. అలాస్కాలో ఆత్మరక్షణకై ఎలుగును చంపినవాడు దాని చర్మమును, కపాలమును ఒలిచి ప్రభుత్వమునకు అప్పగింపవలెను. తక్కిన దక్షిణ రాష్ట్రములలో 1975 నుండి గ్రిజ్లీ రక్షితమృగము. చంపినవాడు వెంటనే అధికారులకు తెలిపి తన ప్రాణము నిజముగ ఆపదలో పడినదని నమ్మింపవలెను. కావుననే రొమ్ముమీద రివాల్వరు ధరించు వివేకులు మూట నడుముపట్టెకు, చేతికి మొదట అందు చోట, కారపు డబ్బాను తగిలింతురు. నడుము తగాదాలో గెలిచినది తుదకు కారమేనేమో.

అమెరికాలో చదువుకొనుచున్న తెలుగు విద్యార్థులు సెలవులలో జట్లుగా ఎల్లోస్టోన్, గ్లేషియర్ ఉద్యానములకు పోవుట నేడు సాధారణము. వారును, వారిని పంపిన తలిదండ్రులును తెలిసికొనదగిన సంగతి యొకటి కలదు. విద్యార్థి వీసాపై నున్నవారు తుపాకిని గాని తూటాను గాని కలిగియుండుటను ఆ దేశపు సమాఖ్య చట్టము నిషేధించినది. వేట లైసెన్సు వంటి కొన్ని మినహాయింపులు మాత్రమే కలవు. తోడి అమెరికను మిత్రుని రొమ్ముసంచిని సరదాకు తగిలించుకొనుటయు, కాసేపు మోసిపెట్టుటయు ఈ నిషేధము క్రిందికే రావచ్చును. వారికి ఒరల యెన్నికతో పనిలేదు. కారపు డబ్బా చాలును. దానిలోను చిక్కొకటి కలదు. తూటాలు తీసి, తాళము వేసిన గట్టిపెట్టెలో పెట్టి, ముందుగా తెలియజేసినచో అమెరికాలో రివాల్వరు సామానుతో పాటు విమానమెక్కును. కారపు డబ్బా మాత్రము చేతిసంచిలో గాని సామానులో గాని ఎక్కరాదు. కనుక బాటసారులు దానిని మాంటానాలోనో వయోమింగులోనో దిగిన పిమ్మట దుకాణములలో కొందురు. కొన్నిచోట్ల దినమునకింతయని అద్దెకును ఇత్తురు. తిరుగుప్రయాణమున మిగిలిన డబ్బాను వెంట తెచ్చుకొన వీలులేక, అపుడే కొండ ఎక్కబోవుచున్న మరియొకరి చేతిలో పెట్టి పోవుదురు.